షాఫ్టు లేని బండి

ముతన్నా బండి సంతలోకి దిగుతుండగానే హిజామ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. బండి ఇంకా మలుపు తిరగనే లేదు. కానీ గేరు మారినప్పుడల్లా దాని కింద నుంచి ఠక్కుమని ఒక దెబ్బ, ఆ వెనకే సన్నటి కిచకిచ. ఇరవై ఆరేళ్ళుగా షాఫ్టుల కింద వెల్లకిలా పడుకుని బతికినవాడికి ఇంకేం చెప్పాలి? క్రాస్ పోయింది. ఇవాళ పోయింది కాదు, పోయి చాలా రోజులైంది. ఈ మహానుభావుడు ఇప్పుడు తీరిగ్గా పట్టుకొస్తున్నాడు.

యెమెన్‌లో ఆ కొండలకి షాస్ బండ్లే దిక్కు. ముందు ఇద్దరు ముగ్గురు ఇరుక్కుని కూచునే చోటు, వెనక ఇనప తొట్టి, నాలుగు చక్రాలకీ పట్టు. పిండి బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, పురిటి నొప్పులు పడేవాళ్ళు, పెళ్ళివాళ్ళు, అందరూ వాటి మీదే ఎక్కాలి, వాటి మీదే దిగాలి. వాటిని తోలేవాళ్ళలో రెండు రకాలున్నారు. ఆగిన చోటల్లా దిగి చక్రం కింద రాయి పెట్టేవాళ్ళు ఒక రకం. రాయి పెట్టడం నామోషీ అనుకునేవాళ్ళు రెండో రకం. ముతన్నా ఆ రెండో రకానికి పెద్ద తలకాయ. తను హ్యాండ్ బ్రేకు లాగితే బండి కొండకి మేకు కొట్టినట్టు నిలబడుతుందనీ, రాళ్ళు మోసుకు తిరిగేది గాడిదలు తోలేవాళ్ళనీ అనేవాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే మాట. పద్దెనిమిదేళ్ళుగా బండి నిలబడింది కూడా, అందుకే అతని నోరు మూయించడం ఎవరివల్లా కాలేదు.

హిజామ్ అతనికి పద్దెనిమిదేళ్ళుగా మెకానిక్కు. రెండేళ్ళ కిందట తన కూతుర్ని ముతన్నా కొడుక్కిచ్చాడు. అప్పటినుంచీ బావా అంటే బావా అనుకుంటున్నారు, ఎగతాళి కూడా రెట్టింపైంది.

షెడ్డు ముందు చదునులో బండి ఆపించి, వెనక చక్రాలకి ముందొక రాయి, వెనకొక రాయి పెట్టాడు హిజామ్. ముతన్నా బుగ్గలో మత్తిచ్చే ఖాత్ ఆకు సర్దుకుని నవ్వాడు.

"చదును మీద కూడా రాయేనా బావా? రాత్రి మంచానికి కూడా పెట్టుకుంటావా ఏంటి?"

"నీలాంటి వియ్యంకుడు దొరికాక పెట్టుకోవాల్సిందే" అని హిజామ్ బండి కిందికి దూరాడు.

షాఫ్టుకీ అది బిగుసుకునే చోటుకీ ఉలితో ఒక్కో చుక్క కొట్టాడు, మళ్ళీ బిగించేటప్పుడు చుక్కకి చుక్క కలవాలని. నాలుగు నట్లు విప్పి, ఇంజను లాగుడుని వెనక చక్రాలకి చేర్చే ఆ బరువైన గొట్టాన్ని గుండెల మీదకి దింపుకున్నాడు. బల్ల మీద పెట్టి క్రాస్ ఊడదీశాడు. క్రాస్ అంటే కూడిక గుర్తులా ఉండే ఉక్కు ముక్క. నాలుగు చేతులు, చేతికో కప్పు, కప్పు లోపల చుట్టూ సూదుల్లాంటి కడ్డీలు. ఆ కప్పుల్ని బోర్లించి తడితే సూదులు రాలాలి. ఒక్క సూదీ రాలలేదు, ఎర్రటి తుప్పు పొడి రాలింది. చేతుల మీద గోరు దిగేంత గాట్లు పడి ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే తోలి ఉంటే ఏ కొండ మలుపులోనో షాఫ్టు ఊడి, బండి కిందే గింగిరాలు తిరిగేది. హిజామ్‌కి ఒళ్ళు మండింది, నోటికొచ్చినట్టు తిట్టాడు. ముతన్నా ఆ తిట్లన్నీ వియ్యాలవారి మర్యాద కింద జమ వేసుకుని, కొత్తది కొనుక్కొస్తానని విడిభాగాల దుకాణానికి బయల్దేరాడు. హిజామ్ అతన్ని నమ్మక, కొలత తీసే వెర్నియర్ జేబులో పెట్టుకుని వెంట నడిచాడు.

దుకాణంలో రెండే రకాలున్నాయి. ఒకటి గ్రీజు నిపిల్ ఉన్నది, నెలకోసారి గ్రీజు కొట్టుకోవచ్చు. రెండోది మూసేసిన రకం, గ్రీజు పని లేదు, లోపల గ్రీజు దారి కోసం బెజ్జం పెట్టరు కాబట్టి చేతులు గట్టిగా ఉంటాయి. ముతన్నా చెయ్యి నేరుగా నిపిల్ దాని మీదకే వెళ్ళింది. అతనికి దేనికైనా తన చేత్తో ఇంత మేత పెడితేనే తృప్తి. హిజామ్ ముందు దాన్ని కొలిచాడు. కప్పు లావు సరిపోయింది. కానీ ఈ కప్పు అంచు నుంచి ఎదుటి కప్పు అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువ. రెండోదాన్ని కొలిచాడు. అది పొడుగు సరిపోయింది, కప్పు లావు ఎక్కువ, క్రాస్ కూచునే ఫోర్కుని అరగదీస్తే తప్ప ఎక్కదు.

ముతన్నా చిన్నదాన్నే పట్టుకున్నాడు. రెండు మిల్లీమీటర్లంటే ఎంత బావా, కప్పు వెనక ఒక వాషర్ పడేస్తే సరి, ఫలానావాడు అలాగే వేశాడు, ఏడాదిగా తిరుగుతున్నాడు అని మొదలుపెట్టాడు. దుకాణదారు కూడా ఔనౌనన్నాడు, అతనికి సరుకు కదలాలి. అక్కడ హిజామ్‌కి నిజంగా కోపమొచ్చింది. వాషర్ వేసిన క్రాస్ మధ్యలో నిలబడదని, పక్కకి జరిగి షాఫ్టుని ఊపేస్తుందని, ఊపి ఊపి ఒకనాడు కప్పుని బయటికి కక్కుతుందని నలుగురూ వినేలా చెప్పాడు.

"నీ తొట్టిలో మావాళ్ళు కూడా ఎక్కుతారు ముతన్నా. నా చేత్తో ఆ పని చెయ్యను. ఇంకోడి దగ్గరికి పోతే పో."

ముతన్నా చల్లబడ్డాడు. సరైన క్రాస్ హుదైదా పట్నంలో దొరుకుతుంది, ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున బస్సులో వస్తుంది. కానీ ఊళ్ళో వారం నుంచి పిండి లేదు, ఇవాళ ఎలాగైనా చేర్చాలి. దానికి దారి ఆ కొండల్లో అందరికీ తెలిసిందే. షాఫ్టు ఇక్కడే వదిలేసి, ముందు చక్రాల బలం మీదే పైకెక్కడం. చాలామంది అలా ఎక్కారు, హిజామే ఎంతోమందిని పంపాడు. అయినా ఇవాళ తన పట్టుదల వల్లే బావ కుంటి బండితో వెళ్తున్నాడని అతనికి ఎక్కడో గుచ్చుకుంటోంది. అందుకని బస్తాలు సగం దింపించి, మిగతా సగం క్యాబిన్ వైపుకి జరిపించి, ముందు చక్రాల మీద బరువు పడేలా తనే తాళ్ళు కట్టాడు. ముందు చక్రం ఒక్కోదాని బొడ్డులో ఉండే హబ్బులు రెండూ తన చేత్తోనే తిప్పి బిగించాడు. ఆ హబ్బు బిగించి ఉంటేనే ఇంజను లాగుడు ముందు చక్రానికి అందుతుంది, వదులు చేస్తే చక్రం తన మానాన తను తిరుగుతుంది.

"ముందు చక్రాలకి బలం కలిపే లివరు కదపకు. ఇల్లు చేరేదాకా హబ్బుల మీద చెయ్యి వెయ్యకు."

"చేరాక?"

"చేరాక నీ ఇష్టం."

ఆ మాట అని, రాళ్ళు తీసి పక్కన పెట్టి, బండి తొట్టి మీద రెండు సార్లు చరిచాడు హిజామ్. బండి పొగ వదులుతూ సంత దాటింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సంతలో సగం అంగళ్ళు కట్టేశారు, మగవాళ్ళంతా ఆకు సంచులతో నీడలు చూసుకున్నారు. హిజామ్‌కి మాత్రం పని ఆగితే ఏదోలా ఉంటుంది. కొత్త క్రాస్ వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలని షాఫ్టుని డీజిల్‌తో కడగడం మొదలుపెట్టాడు. ఫోర్కులు కడిగాడు. ఉలి చుక్క కనబడేలా గుడ్డతో తుడిచాడు. షాఫ్టు కొసన ఆ చుక్క ఉన్న బిళ్ళని చేతిలో తిప్పి చూస్తే దాని ముఖం మీద గుండ్రంగా ఒక నల్లటి చార ఉంది. అది బ్రేకు పొడి.

గుడ్డ పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ పాత బండ్లకి హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. గేరు పెట్టె వెనక ఒక డ్రమ్ము ఉంటుంది. బ్రేకు లివరు లాగితే బిగుసుకునేది ఆ డ్రమ్ము. డ్రమ్ముకి షాఫ్టు, షాఫ్టుకి వెనక చక్రాలు. షాఫ్టేమో ఇక్కడ, అతని ఒళ్ళో ఉంది. ఇప్పుడు ముతన్నా హ్యాండ్ బ్రేకు లాగితే గేరు పెట్టె ద్వారా పట్టి ఉంచేది ముందు చక్రాలనే. అదైనా హబ్బులు బిగించి ఉన్నంతసేపే. రెండూ అక్కర్లేదు, ఒక్క హబ్బు వదులైతే చాలు, బండికి ఇక ఆపేవాడు లేడు. గేరులో ఉన్నా ఆగదు, బ్రేకు లాగినా ఆగదు. ఇదంతా హిజామ్‌కి తెలియనిది కాదు. కొత్తగా వచ్చిన ప్రతి డ్రైవరుకీ తనే చెప్పే పాఠం. ఇవాళ రెండు మిల్లీమీటర్ల గొడవలో పడి, తన మాట నెగ్గిన పొగరులో, చెప్పడం మరిచాడు. మరవడమే కాదు, దానికి వ్యతిరేకంగా చెప్పాడు. చేరాక నీ ఇష్టం అన్నాడు.

ముతన్నా ఇష్టమేమిటో అతనికి బాగా తెలుసు. ఇంటి ముందు బండి ఆపగానే హ్యాండ్ బ్రేకు లాగుతాడు. ఎక్కివచ్చిన ఇంజనుకి ఊపిరి అందాలని దాన్ని అలా తిరగనిస్తాడు. ఈలోగా దిగి హబ్బులు రెండూ వదులు చేస్తాడు, జంతువుకి జీను విప్పినట్టు. బండి నిలిపే ఆ చోటు వాలుగా ఉంటుంది. దాని కిందే ఊరి వాన నీళ్ళ గుంట. సాయంత్రపు అసర్ నమాజు వేళకి ఆడవాళ్ళు బిందెలతో అక్కడికి చేరతారు. హిజామ్ కూతురు కూడా రోజూ అదే వేళకి వస్తుంది. ఇదంతా ఒక్కసారిగా తలకెక్కి హిజామ్ గుడ్డ పారేసి లేచాడు.

ముతన్నా ఇంటికి ఫోన్ చేశాడు. ఆ ఊళ్ళో ఫోను పలకాలంటే మసీదు మేడ ఎక్కాలి, పలకలేదు. మోటారు సైకిలున్నవాణ్ణి అడిగితే దారి గంటన్నర పైనే అన్నాడు. ముతన్నా దారిలో రెండు ఊళ్ళలో బస్తాలు దించుతాడు. నిలువుగా పోయే పాత రాతి మెట్ల దారి పడితే అతని కంటే ముందే చేరొచ్చు. హిజామ్ లెక్క వేసుకునే ఓపిక కూడా లేక అటే పరిగెత్తాడు.

యాభై రెండేళ్ళ మనిషి, కుడి మోకాలు ఎప్పుడో జాకీ జారి దెబ్బతిన్నది. మెట్లు ఒక్కోటి మోకాలెత్తు. పావు కొండ ఎక్కేసరికి గొంతు ఎండింది. సగం ఎక్కేసరికి లోయలోంచి మంచు లేచి దారి మూసేసింది. కింద సంత కనబడదు, పైన ఊరు కనబడదు. ఆ తెల్లటి పొగలో ఎక్కడి నుంచో బండి చప్పుడు మాత్రం వస్తూ పోతూ ఉంది. మలుపు తిరిగినప్పుడు దగ్గరగా, ఇంకో మలుపు తిరిగినప్పుడు దూరంగా. అది ముతన్నా ఇంజనే, హిజామ్‌కి దాని దగ్గు కూడా తెలుసు. ఆ చప్పుడు వినబడినంతసేపూ ప్రాణం నిలబడేది, ఎందుకంటే బండి ఇంకా నడుస్తోంది. ఆగినప్పుడల్లా ఇతనూ ఆగి వినేవాడు. బస్తాలు దించుతున్నాడా, ఇల్లు చేరాడా? మళ్ళీ కదిలిన చప్పుడు వస్తే దేవుడికి దణ్ణం పెట్టుకుని ఎక్కేవాడు. చివరి మలుపుల దగ్గర ఆ చప్పుడు అతన్ని దాటి పైకి పోయింది. హిజామ్ చేతులు కూడా నేలకానించి పాకాడు.

పైన మంచు లేదు. మెట్లు వచ్చి కలిసేది బండి నిలిపే చోటుకీ నీళ్ళ గుంటకీ మధ్య, కొంచెం ఎడంగా. తల పైకెత్తిన హిజామ్‌కి మొదట కనబడింది బండి. ముక్కు పైకి, తొట్టి గుంట వైపుకి పెట్టి, వాలులో మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది. ముతన్నా దిగి, తలగుడ్డ సర్దుకుంటూ ముందు చక్రం వైపు నడుస్తున్నాడు.

హిజామ్ అరిచాడు. సగం గొంతు మెట్ల మీదే పోయింది, మిగిలిన సగాన్ని ఇంజను మింగేసింది. చేతులు రెండూ ఊపాడు. ముతన్నా అటు చూడలేదు, గొంతుక్కూచుని హబ్బు మీద చెయ్యి వేశాడు.

గుంట గట్టు మీద నలుగురు ఆడవాళ్ళున్నారు. నలుగురూ ఒకే రకం ఎర్ర నీలం దుప్పట్లు కప్పుకున్నారు. హిజామ్ వాళ్ళ వైపు కుంటుతూ పరిగెత్తాడు. లేవండి, లేవండి చెల్లెమ్మా, పక్కకి పొండి అని కేకలేశాడు. చెల్లెమ్మా అని బట్టలమ్ముకునేవాడు కూడా పిలుస్తాడు. ఎవడో మగవాడు, ఒళ్ళంతా మట్టి, కళ్ళు ఎర్రగా, పిచ్చి కేకలేస్తూ మీదికొస్తున్నాడు. మర్యాదగల ఇళ్ళ ఆడవాళ్ళు అలాంటప్పుడు ఏం చేస్తారో వీళ్ళూ అదే చేశారు. ముఖాల మీదికి దుప్పట్లు లాక్కుని, అతనికి వీపు తిప్పి, నీళ్ళ వైపు తిరిగి, వాడు పోయేదాకా కదలకుండా కూచున్నారు. అతనికి వీపు తిప్పడమంటే బండికి కూడా వీపు తిప్పడమే. అతనెంత గట్టిగా అరిస్తే వాళ్ళు అంత దగ్గరగా ముడుచుకున్నారు.

ఆ కొండల్లో ఏ మగవాడూ ఇంటి ఆడవాళ్ళ పేరు నలుగురిలో ఎత్తడు. మావాళ్ళు అంటాడు, ఇంట్లోవాళ్ళు అంటాడు. పరాయి ఇంటి ఆడవాళ్ళ పేరైతే తెలుసుకోను కూడా తెలుసుకోడు. హిజామ్ పుట్టి బుద్ధెరిగాక ఆ గీత దాటింది లేదు. ఇప్పుడు దాటాడు.

"తఖియ్యా! తఖియ్యా!"

నాలుగు వీపుల్లో ఒకటి ఉలిక్కిపడి లేచింది. తండ్రి గొంతు, ఊరి నడిబొడ్డున తన పేరు. అమ్మ పోయిందనుకుంది ఆ పిల్ల. బిందె వదిలేసి, దుప్పటి జారుతున్నా చూసుకోకుండా తండ్రి వైపు పరిగెత్తుకొచ్చింది. మిగతా ముగ్గురూ ఆమెకొచ్చిన సిగ్గుకి తాము తలలు ఇంకా కిందికి వంచుకున్నారు.

హబ్బు తిరిగిన చప్పుడు హిజామ్‌కి వినబడలేదు. బండి కదలడం మాత్రం చూశాడు. మొదట జానెడు, ఇంజను మామూలుగా తిరుగుతూనే ఉంది. తర్వాత మూరెడు. ముతన్నా అర్థం కాక బండిని చూశాడు, చూసి ముందు బంపరు పట్టుకుని పైకి లాగాడు. పిచ్చివాడు, ఏం లాగుతాడు? బండి తనని రాళ్ళ మీద ఈడ్చుకుపోతున్నా పట్టు వదల్లేదు. తఖియ్య వచ్చి తండ్రి ఛాతీకి కొట్టుకుంది, ఏమైంది నాన్నా, అమ్మకేమైంది అని అడుగుతూనే ఉంది. హిజామ్ ఆమె తలని తన భుజంలోకి నొక్కి, తిరిగి చూడనివ్వలేదు.

గట్టు మీద ఉన్న ముగ్గురిలో ఒకామెకి కాలు విరిగింది. ఒకామె నీళ్ళలో పడితే తాళ్ళేసి తీశారు. మూడో ఆమె ముతన్నా భార్య. ఆమెని తొట్టి కింద నుంచి తీయడానికి ఊరు ఊరంతా బండి ఎత్తాల్సి వచ్చింది.

మూడో రోజు హిజామ్ ఆ ఇంటికి వెళ్ళాడు. ఆ మూడు రోజులూ అతను తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. ఎంత సేపూ ఒకటే ఆలోచన. రెండు మిల్లీమీటర్లు కొలిచిన మనిషి, నలుగురిలో నీతులు చెప్పిన మనిషి, ఒక్క ముక్క చెప్పి ఉంటే. ఆ చిన్న క్రాసే వాషర్ వేసి బిగించి ఉన్నా ఆమె ఇవాళ బతికుండేది. ఈ మాట ఎవరూ పైకనలేదు, అతనే పొద్దస్తమానం తనలో తను అనుకున్నాడు.

పరామర్శ గది నిండా మగవాళ్ళు గోడలకానుకుని కూచుని ఉన్నారు. హిజామ్ గుమ్మంలోనే నడుము పట్టా విప్పి, బాకుతో సహా తీసుకెళ్ళి ముతన్నా ముందు పెట్టాడు. బాకు అలా పెట్టాడంటే నువ్వేం తీర్పు చెబితే దానికి నేను కట్టుబడి ఉంటానని. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. డ్రమ్ము సంగతి, తను అన్న మాట, చెప్పకుండా మరిచిన మాట. పెద్దలు ముతన్నా వైపు చూశారు. రెండు చేతులకీ కట్లున్నాయి, అయినా ఆ చేతులతోనే బాకు ఎత్తి, హిజామ్ ఒళ్ళో తిరిగి పెట్టాడు ముతన్నా. హబ్బు తిప్పింది తన చెయ్యేననీ, ఒక్క రాయి పెట్టుంటే సరిపోయేదనీ అన్నాడు. గదిలో కొందరు దేవుణ్ణి తలుచుకున్నారు. అంతటితో అయిపోయిందనుకుని ఒకాయన కాఫీ పొట్టు కషాయం పోయబోయాడు.

ముతన్నా చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్క మాట చెప్పు బావా. నీ కూతుర్ని పేరు పెట్టి పిలిచావు, ఆ పిల్ల లేచింది. ఆమెని ఎందుకు పిలవలేదు?"

హిజామ్ నిజమే చెప్పాడు.

"నాకు పేరు తెలీదు."

ముతన్నా పెద్ద కొడుకు తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు, వద్దన్నట్టు. ముతన్నా ఆ చేతిని పక్కకి తీసి, గదిలో ఉన్న మగవాళ్ళందరి ముందూ, అందరికీ వినబడేలా అన్నాడు.

"గజాల్. గజాల్ అని ఉంటే లేచొచ్చేది బావా. నేనెప్పుడు పిలిచినా వచ్చేది."